బ్రేకులకు పద్దు లేదు

"కారు నాది. మోజు నాది. మధ్యలో బ్రేకులు బ్రేకులంటూ నీ గోలేమిటి?" అన్నాడు సీతాపతి, ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచి అలాగే పట్టుకుని.

ఈ తగువు ఆ పూట మొదలైంది కాదు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పే సీతాపతి, చేతులు మారి మారి తన దాకా వచ్చిన పాత కారుకి వెడల్పాటి టైర్లు, తళతళలాడే అల్లాయ్ చక్రాలు వేయించాలని ముచ్చట పడుతున్నాడు. ఆ ముచ్చట పుట్టిన దగ్గర్నుంచీ భార్య కాత్యాయని ఒకటే మాట పట్టుకుంది. ముందు బ్రేకులు, తర్వాతే ఏదైనా.

"మొన్న రైతుబజారు దగ్గర మీరెంత తొక్కినా కారు ఆగలేదు. గుర్తుందా?"

"ఎందుకాగలేదు? ఆగింది."

"వంకాయల మీద ఆగింది నాన్నా," అంది కూతురు ధాత్రి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

అత్తగారు వరహాలమ్మ కొడుకుని వెనకేసుకొచ్చింది. "అది కాదమ్మా కాత్యాయనీ. వీధిలో నలుగురూ చూసేది చక్రాల్నే కదా. బ్రేకులు ఎక్కడో లోపల పడుంటాయి. పైకి కనపడని దానికి అంతంత ఖర్చు దేనికి?"

"మీ గుండెకి వేయించిన స్టెంటు ఎవరికి కనపడుతోంది అత్తయ్యా?"

వరహాలమ్మ చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్ళింది. "ఒరే సీతాపతీ, ముందు ఆ బ్రేకుల సంగతి చూడు," అంది.

కాత్యాయని గెలిచిన ఉత్సాహంతో చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆఫీసుకి బయల్దేరింది. ఇంట్లో గెలిచిన వాదన ఆఫీసులో కూడా గెలుస్తుందని అనుకోవడం ఆవిడ చేసిన పొరపాటు.

ఆవిడ పనిచేసేది సత్వర స్పందన సంస్థలో. కొండ మీద ఊళ్ళలో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినా, ఇల్లు తగలబడినా, వాగు పొంగినా ఉన్నపళంగా అక్కడికి చేరుకోవడం ఆ సంస్థ పని. అందుకోసం సంస్థకి ఒక పాత జీపు ఉంది, దానికి ఇస్మాయిల్ అనే డ్రైవరు ఉన్నాడు. జీపు నిదానంగా కొండెక్కేది, నిదానంగా దిగేది. ఎక్కించుకున్న మనిషిని మాత్రం ఆస్పత్రికి చేర్చేది.

డైరెక్టరు మార్తాండరావుగారికి ఆ జీపంటే నామోషీ. పేరులో సత్వరం పెట్టుకుని ఇలాంటి బండిలో తిరగడమేమిటని ఆయన పైకి రాసి, రాసి, చివరికి ఒక కారు సాధించారు. ఎవరో స్మగ్లరు దగ్గర పోలీసులు పట్టుకున్న కారు అది. పిల్లి పొంచి కూర్చున్నట్టు నేలకి అంటుకుని ఉంటుంది. స్టేషను ఆవరణలో పడి ఉన్నన్నాళ్ళు దాని మీద కాకర తీగ పాకి, కాయలు కూడా కాసింది. ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. తాళం తిప్పితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. చక్రాలు తుప్పు పట్టాయి. టైర్లు బోడిగుండులా ఉన్నాయి. బ్రేకు తొక్కితే కాలు అడ్డూ ఆపూ లేకుండా కిందిదాకా పోయేది.

వీటిని బాగుచేయించడానికి 'వేగవృద్ధి నిధి' కింద కొంచెం డబ్బు వచ్చింది. కొనుగోళ్ళ కమిటీకి కాత్యాయని కన్వీనరు. డైరెక్టరుగారు ఆవిణ్ణి గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించడం అదే మొదటిసారి.

"పరిపాలనాధికారి పోస్టు ఖాళీ అవుతోంది కాత్యాయనిగారూ. ఈ కారు మీ చేతుల మీదుగా రోడ్డెక్కితే ఆ పోస్టు మీదే. బదిలీల బెడద ఉండదు. రిటైరయ్యేదాకా ఇదే ఊరు."

చాలా ఏళ్ళుగా ఆవిడ ఎదురుచూస్తున్నది సరిగ్గా ఆ పోస్టు కోసమే. తలుపున్న గది, కిటికీ పక్కన బల్ల, సాయంత్రానికల్లా ఇల్లు. ఆ రాత్రి ఇంట్లో చెబితే వరహాలమ్మ అప్పటికప్పుడు దేవుడి దగ్గర దీపం పెట్టింది.

మొదటి సమావేశంలోనే బ్రేకుల దగ్గర బండి ఆగిపోయింది.

అకౌంట్స్ ఆఫీసరు అనంతశయనం కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి నిబంధన చదివారు. "'ఈ నిధిని వాహన వేగమును పెంపొందించు సామగ్రి కొనుగోలుకు మాత్రమే వినియోగించవలెను.' చక్రాలు వేగాన్ని పెంపొందించును. సరే. టైర్ల సంగతి పరిశీలిద్దాం. మరి బ్రేకులు? స్వభావరీత్యా అవి వేగ నిరోధక సామగ్రి. వేగవృద్ధి నిధితో వేగ నిరోధక సామగ్రి కొన్నచో ఆడిట్ వారికి ఏమని సమాధానం చెప్పెదము?"

"సార్, ఆగడం చేతకాని కారు ఎంత జోరుగా వెళితే ఏం లాభం?" అంది కాత్యాయని.

డైరెక్టరుగారు జాలిగా చూశారు. "కాత్యాయనిగారూ, మన సంస్థ పేరులో ఆగడం అన్న ముక్క ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్."

"మరి లేనిదాన్ని నెత్తిన వేసుకోవడం ఎందుకు?"

అయినా ఆవిడ వదల్లేదు. ఆపడానికి డబ్బులున్న శాఖ ఏదో వెతికి, 'రహదారి వేగ నియంత్రణ విభాగా'నికి బ్రేకుల కోసం రాసింది. అక్కణ్ణుంచి మర్యాదగా జవాబొచ్చింది. తమ నిధులు రహదారిపై స్పీడ్ బ్రేకర్లు నిర్మించుటకే గాని, వాహనమునకు అమర్చు పరికరములకు వర్తించవనీ, స్పీడ్ బ్రేకర్లు ఎన్ని కావలసినా సంతోషంగా పోసిపెడతామనీ.

ఆ జవాబు సభలో చదివేసరికి కాత్యాయనికి ఒళ్ళు మండింది. "అయితే ఇంకేం సార్! కారు ఎక్కడెక్కడ ఆగాలో అక్కడల్లా రోడ్డు మీద స్పీడ్ బ్రేకరు పోయించేద్దాం. బ్రేకులు కారుకే ఉండాలని ఏముంది? రోడ్డుకి వేస్తే సరిపోదూ?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిగ్గుపడ్డారనుకుంది ఆవిడ.

"పైడిరాజూ, రాసుకున్నావా?" అన్నారు డైరెక్టరుగారు.

గుమస్తా పైడిరాజు మినిట్స్ రాయడంలో మొనగాడు. మనిషి ఏ గొంతుతో అన్నా, ఏ మొహం పెట్టి అన్నా, అతని కలంలోంచి ఒకటే రకంగా దిగేది. అతను లేచి చదివాడు. "బ్రేకులను వాహనమునకు బదులుగా రహదారికి అమర్చవలసినదిగా కన్వీనరు శ్రీమతి కాత్యాయనిగారు ప్రతిపాదించిరి. సభ హర్షామోదములతో ఆమోదించినది."

"అయ్యో సార్, నేను ఎగతాళికి..."

"ఇదండీ చొరవంటే!" అని డైరెక్టరుగారు అప్పటికే అందరి వైపూ తిరిగి అంటున్నారు. "పరిపాలనాధికారికి ఉండవలసిన దృష్టి ఇదీ!"

పరిపాలనాధికారి అన్న మాట చెవిన పడగానే కాత్యాయని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

తర్వాతి సమావేశంలో టైర్ల వంతు వచ్చింది. కొత్త టైరు మీద గాడులు ఉంటాయని, అవి నేలని పట్టుకుంటాయని అనంతశయనంగారు కనిపెట్టారు. "పట్టుకొనుట అనగా నిరోధించుటే. కావున గాడులు గల టైర్లు కూడా నిబంధనకు విరుద్ధం."

"అయితే ఉన్న బోడి టైర్లే ఉంచెయ్యండి సార్," అంది కాత్యాయని విసుగ్గా. "టీవీలో పందెం కార్లకి నున్నటి టైర్లే కదా ఉంటాయి."

డైరెక్టరుగారు ఆ రాత్రి టీవీ పెట్టుకుని చూసి, నిజమేనని మర్నాడు ధ్రువీకరించారు. అరిగి అరిగి లోపలి దారాలు తేలిన టైర్లకి 'పందెపు శ్రేణి' అని పేరొచ్చింది. వాటికి నల్లని పాలిష్ పట్టించారు. కన్వీనరు సూచన వల్ల ఆదా అయిన సొమ్ముతో చక్రాలు ఇంకో సైజు పెద్దవి కొన్నారు. బంగారు రంగువి, సన్నటి పుల్లలతో పూలదండ చుట్టినట్టున్నవి. బిగించాక డైరెక్టరుగారు కారు చుట్టూ ప్రదక్షిణ చేసినంత పని చేశారు.

ఆఫీసు గేటు లోపల నియంత్రణ విభాగం వాళ్ళు వచ్చి నడుము ఎత్తున స్పీడ్ బ్రేకరు పోసి వెళ్ళారు. ఎత్తు తగ్గిస్తే తమ నిధులు మిగిలిపోతాయని వాళ్ళ బాధ. దాని మీద పరీక్ష జరిగింది. ఇస్మాయిల్ బిస్మిల్లా అనుకుని తాళం తిప్పాడు. కారు ఒక్క గెంతు గెంతింది. ఇస్మాయిల్ తొక్కాడు. కాలు కిందిదాకా పోయింది. మళ్ళీ తొక్కాడు. కారు పోయి స్పీడ్ బ్రేకరు ఎక్కి, బోర్లా పడుకున్న మనిషిలా పొట్ట మీద ఆగిపోయింది. నాలుగు బంగారు చక్రాలూ గాల్లో గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

"ఆగింది!" అన్నారు డైరెక్టరుగారు, చప్పట్లు కొడుతూ.

"నిర్దేశించిన స్థలంలోనే ఆగినది," అన్నారు అనంతశయనంగారు.

ఇస్మాయిల్ కిటికీలోంచి బయటికి పాకి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. కాత్యాయని మంచినీళ్ళిస్తే, సగం తాగి సగం తల మీద పోసుకున్నాడు. చివరికి జీపుకి తాడు కట్టి కారుని కిందికి దించారు. ఆ తాడు కట్టిన దృశ్యం ఫొటో తీయరాదని డైరెక్టరుగారు అక్కడికక్కడే ఉత్తర్వు జారీ చేశారు.

మిగతా ఫొటోల్లో ఒక లోపం బయటపడింది. చక్రాల పుల్లల మధ్యనుంచి లోపలి బ్రేకుల తుప్పు కనపడుతోంది.

"ఎర్ర రంగు పూయించండి సార్. కొత్తవనుకుంటారు," అంది కాత్యాయని.

ఈసారి అది ఎగతాళికి అన్నదో, పని తెమిలిపోతే చాలుననుకుని అన్నదో, ఇంటికెళ్ళే దారిలో ఎంత తరచి చూసుకున్నా ఆవిడకే తేలలేదు. సుందరీకరణ పద్దులో డబ్బుంది. రంగు పడింది. మర్నాటి నివేదికలో 'బ్రేకుల ఆధునికీకరణ: పూర్తి' అని పడింది. మళ్ళీ ఏ గీతా పడకుండా కారుకి గుడ్డ కప్పి, తాళం డైరెక్టరుగారు తన జేబులో వేసుకున్నారు.

ఇంట్లో ఈ సంగతి చెబితే సీతాపతి పడీ పడీ నవ్వాడు. ధాత్రి నవ్వలేదు.

"అమ్మా, ఇక్కడ నాన్నతో బ్రేకుల కోసం అంత పోట్లాడి, అక్కడ వాటికి రంగు పూయించావా?"

"వెటకారానికి అన్నానే."

"ఆ సంగతి వాళ్ళకి తెలుసా?"

కాత్యాయని కూరలో ఉప్పు చూసే పని పెట్టుకుంది.

ప్రారంభోత్సవం సోమవారం. మంత్రిగారు వస్తున్నారు. కొండ మీద ఊరి నుంచి నిండు గర్భిణి ఒకామెని 'తొలి లబ్ధిదారు'గా కార్లో ఎక్కించి, ఘాట్ రోడ్డు మీదుగా ఊళ్ళోకి దింపడం కార్యక్రమం. ఎంత తొందరగా దింపితే అంత గొప్ప. మలుపు మలుపుకీ స్పీడ్ బ్రేకరు పోస్తామని నియంత్రణ విభాగం వాళ్ళు హుషారుగా ఉన్నారు. మలుపుకి ఒక వైపు కొండ, రెండో వైపు లోయ. ఇక కావలసింది కారు ప్రయాణానికి అనువుగా ఉందని కన్వీనరు సంతకం ఒక్కటే.

శుక్రవారం పొద్దున ఇస్మాయిల్ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, సంతకం మీరే పెడుతున్నారంట కదా?"

"ఎవరన్నారు?"

"డైరెక్టరు సారన్నారు. ఆ రోజు భయపడ్డానమ్మా, నిజం చెబుతున్నా. లీవు పెడదామనుకున్నాను. మా ఆవిడ కూడా వెళ్ళొద్దనే అంది. నేనే సర్దిచెప్పాను. కాత్యాయనమ్మగారు చూడకుండా దేని మీదా సంతకం పెట్టరు, ఆవిడ పెడితే ఎక్కుతాను అన్నాను." అని కొంచెం నవ్వాడు. "ఆ తర్వాత బ్రేకులు బాగుచేయించారు కదమ్మా. గుడ్డ కప్పుతుంటే చూశాను. ఎర్రగా ఉన్నాయి."

అతని మాటలో దెప్పిపొడుపు ఏ మూలా లేదు. ఉంటే బాగుండుననిపించింది కాత్యాయనికి.

ఆ మధ్యాహ్నమే ఆఖరి సమావేశం. సంతకం కాగితం ముందు పెట్టారు. ఆవిడ దాన్ని వెనక్కి జరిపింది.

"కారుకి బ్రేకులు లేవు. నేను సంతకం పెట్టను."

పైడిరాజు కలం ఆగిపోయింది. డైరెక్టరుగారు అయోమయంగా చూశారు. "ఇది ప్రతిపాదనా, సవరణా?"

"రెండూ కాదు సార్. ఉన్న మాట."

"ఉన్న మాటకి మినిట్స్‌లో శీర్షిక లేదమ్మా," అన్నారాయన ఎంతో మృదువుగా.

"కారు లోయలో పడుతుంది. మనుషులు పోతారు."

"పోయినవారి పద్దు మనది కాదు," అన్నారు అనంతశయనంగారు. "విపత్తు శాఖది."

"మీరు కాకపోతే కొత్త పరిపాలనాధికారి పెడతారు సంతకం," అన్నారు డైరెక్టరుగారు. "ఎవరో ఒకరు పెడతారు. ఆలోచించుకోండి."

ఆవిడ ఆలోచించుకుంది. నిజమే, ఎవరో ఒకరు పెడతారు. పైడిరాజు కలం వైపు చూసింది. అది ఇంకా గాల్లోనే ఉంది, ఎటు కదలాలో తెలియక. ఇన్నాళ్ళూ అది ఏ మాటలకి పరుగెత్తిందో ఆవిడకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వెటకారంగా అన్న ప్రతి ముక్కా శాసనమైంది. నిజం చెబితే రాసుకునే దిక్కు లేదు.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. గొంతు సవరించుకుని, డైరెక్టరుగారు మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఒక ప్రతిపాదన సార్. మంత్రివర్యులు విచ్చేయునది మన వేగమును వీక్షించుటకు. అయితే కదిలిన వాహనం క్షణంలో కనుమరుగగును. కనుమరుగైన వేగమును వీక్షించుట ఎట్లు? పైగా బంగారు చక్రములకు దుమ్ము అంటును. కావున వాహనమును కార్యాలయం ఎదుట అరుగు కట్టి, దానిపై శాశ్వతంగా నిలిపి, ఇంజనును మాత్రం నడిపి ప్రదర్శించవలెను."

కలం పరుగందుకుంది.

"నిశ్చల వేగం!" అన్నారు డైరెక్టరుగారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"నిలిచియున్న వాహనమునకు అనువు పత్రం కూడా అవసరం లేదు," అన్నారు అనంతశయనంగారు, తల పంకిస్తూ. "ఇంధనం కూడా ఆదా. ప్రమాదరహిత వాహనమని బహుమతికి పంపవచ్చును."

"ఇంకొకటి సార్," అంది కాత్యాయని. "ఇంత వేగవంతమైన సంస్థ ప్రాంగణంలో నిదానంగా నడిచే జీపు ఉండుట గౌరవభంగం. మంత్రిగారి కంట పడకుండా దానిని, దాని డ్రైవరును కొండపై ఉపకార్యాలయానికి శాశ్వతంగా తరలించవలెను."

"భేషు! రాయి పైడిరాజూ, రాయి."

"ఒక చిక్కు ఉన్నది," అన్నారు అనంతశయనంగారు. "వాహనం ఎచ్చట ఉండునో, దాని బాధ్యత వహించు సూపరింటెండెంటు అచ్చటనే ఉండవలెను. కొండ మీద ఆ పోస్టు ఏనాటినుంచో ఖాళీ. వేసినవారెవ్వరూ వెళ్ళి చేరలేదు."

ఆ చిక్కు ఆవిడకి నోరు తెరవక ముందే తెలుసు.

"నేను వెళతాను సార్."

డైరెక్టరుగారు మొదటిసారి కొంచెం కంగారుపడ్డారు. "మీరా? మరి ఆ గది, ఆ కుర్చీ? అంతా మీ పేరు మీదే సిద్ధం చేయించానే! ఇన్ని ఆణిముత్యాల్లాంటి ప్రతిపాదనలు చేసినవారు..."

"అందుకే సార్," అంది ఆవిడ. ఆ మాట పైడిరాజు రాసుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సేమ్యా పాయసం వాసన గుమ్మం దాకా వచ్చింది. సోమవారం మంత్రిగారి చేతుల మీదుగా కోడలికి ఆర్డరు ఇస్తారని వరహాలమ్మ పక్కింటివాళ్ళకీ, మేడ మీదివాళ్ళకీ కూడా చెప్పేసింది. సీతాపతి పాలిటెక్నిక్‌లో మిఠాయి పంచి వచ్చాడు.

"ఆ రోజు ఆ కంచిపట్టు కట్టుకో," అంది అత్తగారు, కంచాలు పెడుతూ. "గది చూడ్డానికి మేమూ రావచ్చా?"

"ఏసీ ఉందా?" అని అడిగాడు సీతాపతి.

"ఉండకపోతే వేయిస్తారు. ఏమనుకున్నావు, పరిపాలనాధికారంటే!"

"అమ్మని తిననివ్వండి," అంది ధాత్రి, తల్లి మొహం చూసి.

కాత్యాయని అన్నం కలుపుకుంది. పప్పు బాగుందని అంది. అత్తగారి కంచంలో అప్పడం వేసింది. అందరూ ఒక్కో ముద్ద తిన్నారని చూసుకుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఆ పోస్టు వద్దని రాసిచ్చి వచ్చాను. సోమవారం నుంచి నా ఉద్యోగం కొండ మీద. వారానికోసారి దిగొస్తాను. జీపూ, ఇస్మాయిలూ కూడా నాతోనే వస్తున్నారు. ఇల్లు మీరు ముగ్గురూ చూసుకోవాలి."